కొత్త ఇంగ్లీషు టీచరమ్మకు మామయ్య ఉత్తరం



డీఎస్సీలో నెగ్గి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా చేరావని తెలిసి ఇంటిల్లిపాదీ పొంగిపోయాం. "పదో తరగతిలో ఎంత అడిగినా ఒక్కరూ నోరు విప్పరు మామయ్యా" అని మొన్న దిగులుపడ్డావు. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే అందుకు కారణం కాదమ్మా. పాఠం చదివేది మనం, అర్థం చెప్పేది మనం, జవాబులు బోర్డు మీద రాసేదీ మనమే. ఇక పిల్లలకు మిగిలేది నోట్సు ఎక్కించుకోవడమే. వాళ్లకంటూ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. అప్పుడు వచ్చీరాని ఇంగ్లీషులోనైనా చెబుతారు.

మీ పదో తరగతి పుస్తకంలో మొదటి పాఠమే చూడు, 'ఎ లెటర్ టు గాడ్'. రాసినాయన మెక్సికో రచయిత. అయినా అందులోని కష్టం మన రైతు పిల్లలకు కొత్త కాదు. లెంచో అనే రైతు వేసిన మొక్కజొన్న చేతికొచ్చే వేళ వడగళ్లు పడి చేనంతా నాశనమైపోతుంది. సరిగ్గా అక్కడ పుస్తకాలు మూయించు. ఇప్పుడు లెంచో ఏం చేస్తాడో పక్కవాళ్లతో మాట్లాడుకోమను. ముందు తెలుగులోనే మాట్లాడుకోనీ, తప్పేమీ లేదు. ఈలోగా నువ్వు బోర్డు మీద 'లోన్', 'క్రాప్', 'హెల్ప్' లాంటి మాటలు కొన్ని, 'ఐ థింక్ లెంచో విల్' అనే వాక్యం మొదలూ రాసిపెట్టు. తర్వాత బెంచీకి ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పాలి. బ్యాంకుకు వెళ్తాడని ఒకరు, పట్నానికి కూలికి పోతాడని మరొకరు అంటారు. అవి వాళ్లు ఇళ్లలో చూసిన సంగతులు. ఆ తర్వాత అతను దేవుడికే ఉత్తరం రాశాడని చదివి వినిపించు, ఎలా చెవులు రిక్కిస్తారో చూద్దువుగాని.

పాఠం చివర్లోనూ మంచి అవకాశం ఉంది. లెంచో ఆ ఉత్తరంలో వంద పెసోలు అడిగితే, అది చదివిన పోస్టాఫీసు వాళ్లు తలా కాస్త వేసుకుని దేవుడే పంపినట్టు డెబ్బై పంపుతారు. మిగతా ముప్పై పోస్టాఫీసు వాళ్లే కాజేశారని అతను దేవుడికి మళ్లీ ఉత్తరం రాస్తాడు. ఆ పోస్టుమాస్టరు లెంచోకు జవాబు రాస్తే ఎలా ఉంటుందో పిల్లల చేత రాయించు. నిజం చెప్పేయాలా, అతని నమ్మకాన్ని అలాగే ఉంచాలా? ఈ ప్రశ్న మీద తరగతి రెండు వర్గాలైపోతుంది. పరీక్షలో అడిగే లెటర్ రైటింగూ ఇందులోనే వచ్చేస్తుంది. గైడులో జవాబు బట్టీ పట్టినవాడు ప్రశ్న కాస్త మారితే నిలబడిపోతాడు. ఇలా సొంతంగా రాసినవాడికి ఆ బెంగ ఉండదు.

అదే పుస్తకంలో చెహోవ్ నాటిక 'ద ప్రపోజల్' ఉంది. పెళ్లిమాట ఎత్తడానికి వచ్చినవాడు పొలం ఎవరిదన్న తగాదాలో పడిపోతాడు. గట్టు తగాదాలు చూసిన పిల్లలకు దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. పుస్తకం చేతిలో ఉంచుకునే, నిలబడి, కోపంగా చదవమను. వేషాలు ఎప్పుడూ ముందు బెంచీల వాళ్లకే ఇవ్వకు, వెనక కూర్చున్నవాళ్లకీ ఇవ్వు.

ఇక తప్పుల సంగతి. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపి దిద్దకు. అలా ఆపించుకున్న పిల్ల మళ్లీ చెయ్యెత్తడం కష్టం. రాసినదాంట్లో కూడా ఒక్కో వారం ఒక్కో రకం తప్పే చూడు. ఈ వారం క్రియల కాలాలు అనుకుంటే అవే. పేజీ నిండా ఎర్రసిరా చూసి నేర్చుకున్నవాళ్లు అరుదు.

సిలబస్ పూర్తి కావాలని హెడ్మాస్టరు గారు అడుగుతారు, అడగాలి కూడా. అందుకే పీరియడంతా ఇవే చేయమనడం లేదు. రోజూ పది నిమిషాలు పిల్లల మాటకు వదిలేయి, మిగతాది నీ పాఠానికి ఉంచుకో. ఆ పది నిమిషాలు మాత్రం స్లిప్ టెస్టులకీ పోనివ్వకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పోస్టుమాస్టరు ఉత్తరాలు ఓ నాలుగు పట్టుకురా. దిద్దకుండా, పిల్లలు రాసినవి రాసినట్టే తీసుకురామ్మా. చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
మామయ్య