అమ్ముగూడ బలరాము

విద్యార్థులారా! అల్వాలు స్టేషనులో సికింద్రాబాదు పోవు రైలెక్కినచో, కావల్రీ బారక్సు దాటిన పిమ్మట అమ్ముగూడ స్టేషను వచ్చును. ఆ పేరు మనలో అనేకులు చదివియున్నారు. కాని ఆ యూర పుట్టిన బాలుడొకడు రెండు పర్యాయములు ఒలింపిక్ క్రీడలకు వెళ్లి మన దేశమునకు కీర్తి తెచ్చెనని ఎందరెరుగుదురు? ఆయన పేరు తులసీదాసు బలరాము. ఆయన ఆడినది ఫుట్‌బాలు.

బలరాము 1936వ సంవత్సరమున ఒక బీద తమిళ కుటుంబమున జన్మించెను. బొల్లారము, తిరుమలగిరి, అమ్ముగూడ ప్రాంతములు ఆనాడు సైనికుల నివాసములు. సైనికులున్న చోట ఆటస్థలముండును. ఆటస్థలమున్న చోట పిల్లలు చేరుదురు. అట్టి వాతావరణమున బలరాము ఆట నేర్చెను. మొదట ఒక సైనిక జట్టులోను, పిదప హైదరాబాదులోని రైడర్స్ క్లబ్బులోను ఆడెను.

అపుడు ఆయనపై ఒక ఉపాధ్యాయుని దృష్టి పడెను. ఆ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీము. పాఠశాలలో బోధించి, తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడైన మహనీయుడాయన. ఆయన పిలువగా బలరాము అమ్ముగూడ నుండి నగరమునకు సైకిలుపై పోయివచ్చుచు అభ్యాసము చేసెను.

రహీముగారి బోధనాపద్ధతి తెలిసికొనదగినది. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో ఆయన పోటీలు జరిపెడివారు. కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడవలెను. ఏలయన, ఒక్క కాలే పనిచేయువానిని ప్రతిపక్షి ఆ వైపున నిలిచి సులభముగా అడ్డగించును. బంతిని తనయొద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదను నియమముతో మరికొన్ని పోటీలు జరిపెడివారు. అందుచేత తోడివారికి వెంటనే అందించు అలవాటు కలిగెడిది. ఈ శిక్షణలో ఎదిగిన బలరాము ముందు వరుసలో ఎడమ అంచుననైనను, నడుమనైనను సమానముగా ఆడగలిగెను.

1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు ఆయన ఎన్నికయ్యెను. అచట భారత జట్టు నాలుగవ స్థానము పొందెను. 1957లో కలకత్తాకు పోయి ఈస్టు బెంగాలు క్లబ్బులో చేరెను. 1960లో రోము నగరమున, ఆ క్రీడలలో మూడవ స్థానము పొందిన హంగరీ జట్టుపై ఒక గోలు, పెరూ జట్టుపై మరియొక గోలు చేసెను. ఆ రెండు ఆటలలోను మనవారోడిరి. అయినను మన ఆట ప్రపంచము దృష్టి కెక్కెను. 1961లో కలకత్తా లీగు పోటీలలో 23 గోలులు చేసి, నాయకుడుగా తన క్లబ్బును విజయపథమున నడపెను.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. మన జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియాకు ఓడెను. జపానుతో జరిగిన ఆటలో బలరాము ఒక గోలు చేసెను. చివరి ఆటలో అదే కొరియాను 2-1 గోలులతో గెలిచి మనవారు స్వర్ణ పతకము పొందిరి. ఆ యేటనే ఆయనకు అర్జున పురస్కారము లభించెను.

ఇంత ఎత్తునకు ఎదిగిన జీవితమునకు మరుసటి యేడే ఆటంకము కలిగెను. 1963లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి, ఇరువదియేడేండ్లకే ఆయన పెద్ద ఆట విడువవలసివచ్చెను. జకార్తాలోనే వ్యాధిగ్రస్తుడైయున్న గురువు రహీము కూడ ఆ సంవత్సరము జూను 11న మరణించెను. శిష్యుడు మాత్రము ఆటను మరువలేదు. తాను పరుగెత్తలేకున్నను, బాలురకు శిక్షణనిచ్చెను. కలకత్తా చెంత ఉత్తరపాడలో నివసించి, 2023 ఫిబ్రవరి 16న పరమపదించెను.

చునీ గోస్వామి, ప్రదీప కుమార బెనర్జీ, బలరాము అను మువ్వురిని ఆనాటి భారత జట్టునకు త్రిమూర్తులని జనులు చెప్పుకొనిరి. తక్కిన యిద్దరికి పద్మశ్రీ బిరుదము లభించెను; బలరామునకు లభింపలేదు. అందుచే ఆయన తక్కువవాడగునా? కానేరడు. ప్రభువు సెలవిచ్చిన తలాంతుల ఉపమానము మనమందరము చదివితిమి. యజమానుడు లెక్క అడిగినది, తలాంతు ఎన్నాళ్లు చేతనుండెనని కాదు. దానితో ఏమి చేసితివని. తనకు దొరికిన కొలది సంవత్సరములను బలరాము భూమిలో పాతిపెట్టలేదు.

బాలబాలికలారా! మీలో ప్రతివారికిని ఒక బలహీనమైన కాలు కలదు. ఒకరికది గణితము, ఒకరికి వ్యాకరణము, మరియొకరికి కోపము. సులభమైన పాఠమునే మరల మరల చదువుట బలమైన కాలితోనే తన్నుట వంటిది. ఈ సాయంకాలము ఆ రెండవ కాలిని కదలింపుడు. తలిదండ్రులారా! మీ పిల్లవాడు మైదానము నుండి దుమ్ముకాళ్లతో ఇంటికి వచ్చినపుడు, చదువు పాడగునని వెంటనే గద్దింపక, వానిలో ఏ తలాంతున్నదో ఒక క్షణము చూడుడు. అమ్ముగూడ మనకు ఎంతో దూరము లేదు.