ఆన్‌లైన్ శిక్షణతో ప్రమాదాలు తగ్గుతాయా?

ప్రశ్న: మాకు పది డెలివరీ వ్యాన్లున్నాయి. డ్రైవర్లంతా అనుభవమున్నవాళ్లే. అయినా నెలకోసారి ఎవరో ఒకరు ముందు బండిని గుద్దుతున్నారు. ఆన్‌లైన్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ నేర్పిస్తే ఉపయోగమేనా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉపయోగమేనండీ, కానీ అదొక్కటే చాలదు. ఇలాంటి ప్రమాదాలకు చాలావరకు కారణం ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లడమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు ఫోన్ చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే.

వారానికో పావుగంట ఆన్‌లైన్ పాఠం, తెలుగులోనే పెట్టించండి. మర్నాడు మీరే పక్కన కూర్చుని, ముందు బండికి మూడు సెకన్ల ఎడం పాటిస్తున్నారో లేదో చూడండి. వానలో అది రెట్టింపుండాలి. బండి నడుపుతుండగా ఫోన్ చేసి తొందరపెట్టకండి.

ఒకే డ్రైవర్‌కు మళ్లీ మళ్లీ ప్రమాదాలైతే కంటి పరీక్ష చేయించి, డ్రైవింగ్ స్కూల్లో రోడ్డు మీదే నేర్పించండి.