మూగజీవుల వైద్యుడు

చదువు ముగిసినపిదప ఏ వృత్తి నవలంబింపవలెనని పైతరగతుల విద్యార్థులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. కలకడ ప్రాంతపు బాలబాలికలకు మేము చూపదగిన వృత్తులలో పశువైద్య మొకటి. వానకై యెదురుచూచు ఈ మెట్టసీమలో పైరు చెడిన యేట కుటుంబమును నిలుపునవి పాడియావు, గొఱ్ఱెలమంద. కాన పశువును బ్రదికించువాడు ఒక యింటిని నిలుపువాడే. అయినను అందలి కష్టము లెఱుగక ఆ వృత్తిని కోరుట తగదు.

మొదటి కష్టము, రోగికి మాటలు రాకుండుట. నొప్పి యెక్కడనో ఆవు చెప్పలేదు. మేత మానుట, నెమరు నిలుచుట, చెవులు చల్లబడుట మొదలగు గుర్తులనుబట్టియే వైద్యుడు రోగమును పోల్చుకొనవలెను.

రెండవది దేహశ్రమ. కడుపులో దూడ అడ్డము తిరిగినచో అర్ధరాత్రమైనను దొడ్డిలో నేలపై పరుండి, భుజమువఱకు చేయి లోనికి పోనిచ్చి, దూడను సవరించి వెలికి దీయవలెను.

మూడవది ప్రాణభయము. తన్నులు, కొమ్ముపోట్లు అటుంచి, ఈచుకొనిపోయిన ఆవు మావినుండి బ్రూసెల్లా జ్వరమును, వెఱ్ఱికుక్క కఱచిన పశువు చొంగవలన జలభీతియు వైద్యునికి సోకవచ్చును.

అన్నిటికంటె కఠినమైనది నాల్గవది. దొమ్మరోగము, అనగా ఆంథ్రాక్సువలన తటాలున చచ్చిన గొఱ్ఱెను కోయరాదు, తోలు వలువరాదు, సున్నము చల్లి లోతుగా పాతవలెను. తోలు, మాంసమువలన కొంతయైనను రాబట్టుకొందమని పేదవాని యాశ. కాని కోసినచో ఆ క్రిములు గాలి తగిలి గట్టి బీజములుగా మాఱి, ఏండ్ల తరబడి నేలలో నిలిచి, పశువులకును మనుష్యులకును ముప్పు తెచ్చును. ఆ పేదవానికై జాలిపడుచునే, ఊరి మేలుకొఱకు వైద్యుడు వలదని చెప్పవలెను.

ఇక ఫలములు. ఈనిన ఒకటి రెండు దినములలో నెత్తుటిలో సున్నపుధాతువు తగ్గి, మెడ ప్రక్కకు వాల్చి పడిపోయిన పాడియావునకు కాల్షియము మందును నరములోనికి మెల్లగా ఎక్కించినచో, అది పలుమారు కొద్దిసేపటిలోనే లేచి నిలుచును. అప్పటి యింటివారి ముఖములను చూచిన వైద్యునికి వేఱు బిరుదు అక్కఱలేదు.

కంటికి కానరాని ఫలము మఱింత గొప్పది. మందలకు మందలనే చంపిన రిండర్‌పెస్టు అను పశుమారిని నిర్మూలించుటకు మనదేశము 1954లో పూనుకొనెను. ఊరూర తిరిగి టీకాలు వేసిన వైద్యుల, సహాయకుల పాటువలన 1995 తరువాత అది మనదేశమున తలయెత్తలేదు. 2011లో లోకమంతటను అంతరించినదని ప్రకటింపబడెను. మశూచి పిమ్మట మానవుడు భూమినుండి తొలగించిన రెండవ రోగ మిదియే. నేటి పిల్లలకు దాని పేరే తెలియదు. ఆ తెలియకపోవుటయే వారి శ్రమకు ఫలము.

మన పొరుగున పుట్టిన పుంగనూరు ఆవు సుమారు 3 అడుగుల యెత్తు మాత్రమే గల పొట్టిజాతి. అది నశించిపోకుండ పలమనేరు పశుపరిశోధనాకేంద్రమువారు పాటుపడుచున్నారు. ఇదియు ఈ విద్య ఫలమే.

1903లో మదరాసున పశువైద్య కళాశాల వెలసిన కాలమున మనవారు అంతదూరము పోవలసి యుండెను. నేడు తిరుపతిలోనే ఐదున్నర సంవత్సరముల ఆ చదువు లభించును. విద్యార్థులారా! దూడను ముద్దాడుట అందఱికిని ఇష్టమే. మురికికి వెఱవక, నిద్రకు ఆశపడక, యజమానికి రుచింపని నిజమునైనను మృదువుగా చెప్పగలవారు మీలో ఎవరైన నున్నచో, ఈ వృత్తి వారికొఱకు వేచియున్నది.