కరెంటు వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదిలారు. ఆ నీరు గుంటూరు, ప్రకాశం జిల్లాల చేలకు పారింది. కాలువ మొదట్లో కరెంటు తయారు చేసే కేంద్రం కూడా ఉంది. అక్కడ కిందికి దూకే నీరు చక్రాలను తిప్పుతుంది. చక్రాలు తిరిగితే కరెంటు పుడుతుంది.

నీటికీ, కరెంటుకూ ఒక పోలిక ఉంది. నీరు మెరక నుంచి పల్లానికి పారుతుంది. మెరక పెరిగితే నీటి ఊపు పెరుగుతుంది. కరెంటుకూ అలాంటి ఊపు ఉంది. దాన్ని వోల్టులలో కొలుస్తారు. టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీకి ఒకటిన్నర వోల్టు. ఇంటి కరెంటుకు 230 వోల్టులు. చేలో మూడు ఫేజుల మోటారుకు 415 వోల్టులు.

ఒక తేడా కూడా ఉంది. కాలువ నీరు పత్తి చేలో ఇంకిపోతుంది. వెనక్కి రానక్కరలేదు. కరెంటు అలా కాదు. బయలుదేరిన చోటికి తిరిగి చేరాలి. వెళ్లే దారి, వచ్చే దారి కలిస్తేనే పారుతుంది. ఈ చుట్టు దారినే సర్క్యూట్ అంటారు.

టార్చిలైటు చూడండి. బ్యాటరీ ఒక కొన నుంచి కరెంటు బల్బులోకి పోతుంది. అక్కడి నుంచి రేకు, స్ప్రింగు గుండా బ్యాటరీ రెండో కొనకు చేరుతుంది. స్విచ్చి వేస్తే దారి కలుస్తుంది, బల్బు వెలుగుతుంది. స్విచ్చి తీస్తే దారి తెగుతుంది, బల్బు ఆరిపోతుంది.

ఇంటికి రెండు తీగలు వస్తాయి. ఫేజు తీగలో కరెంటు వస్తుంది. న్యూట్రల్ తీగలో ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కూడా కలుపుతారు. అంటే నేల కూడా కరెంటు తిరిగి పోయే దారే.

ప్రమాదం ఇక్కడే ఉంది. రైతు తడి చేలో ఒట్టి కాళ్లతో నిలబడి స్టార్టరు పెట్టె ముట్టుకుంటాడు. పెట్టెకు కరెంటు తగిలి ఉంటే, అతని చెయ్యి, గుండె, కాళ్లు, తడి నేల అన్నీ కలిసి సర్క్యూట్ అవుతాయి. ప్రాణం పోతుంది. మిరప కల్లానికి లాగిన తీగ మీద తొడుగు చిరిగినా ఇంతే.

అందుకే మోటారుకూ, స్టార్టరు పెట్టెకూ ఎర్త్ తీగ ఉండాలి. పెట్టెకు కరెంటు తగిలితే ఎక్కువ భాగం ఆ తీగ గుండా నేలలోకి పోతుంది. ఫ్యూజులో సన్న తీగ ఉంటుంది. కరెంటు మరీ ఎక్కువగా పారితే అది కరిగి దారి తెంచుతుంది. దాని బదులు లావు తీగ కడితే కరగదు. మోటారే కాలిపోతుంది.

గుర్తుంచుకోండి

• తడి చేతులతో స్విచ్చి, స్టార్టరు ముట్టుకోకూడదు.
• ట్రాన్స్‌ఫార్మర్‌కు 11,000 వోల్టుల కరెంటు వస్తుంది. అక్కడి ఫ్యూజు లైన్‌మన్ వేయాలి. రైతు వేయకూడదు.
• తెగిపడిన తీగ దగ్గరకు పోకూడదు. 1912కు ఫోన్ చేయాలి.
• ఇంట్లో ఎవరికైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకూడదు. ముందు మెయిన్ ఆపాలి. ఆపడం కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో మనిషిని తప్పించాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆలోచించి చెప్పండి

1. ఒకే తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదు. ఎందుకు?
2. మీ మోటారుకు ఎర్త్ తీగ ఉందా? ఈ రోజే చూడండి.