సీసాలోని రహస్యము

నూరేండ్లనాటి వార్తాపత్రికను గ్రంథాలయములో తీసి పుటలు త్రిప్పినచో, వార్తలకంటె ముందు కంటికి తగులునవి మందుల ప్రకటనలు. ఒకచోట మోకాళ్లవరకు జుట్టు జారవిడిచిన స్త్రీ బొమ్మ, దాని క్రింద తలనూనె సీసా. వేరొకచోట నొసలు పట్టుకొని కూర్చున్న పురుషుడు, ప్రక్కన తలనొప్పి మందు. ఇంకొక మూల అజీర్తి మొదలు తేలుకాటు వరకు సమస్తమునకును పనిచేయునను ఒకే బుడ్డి. వైద్యుడు పది క్రోసుల దూరమున ఉండిన ఆ దినములలో తపాలాలో వచ్చు సీసాయే పలువురకు వైద్యుడు. దానిలో ఏమున్నదో కొన్నవారికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు.

ఇట్టివానిని పేటెంటు మందులనుట వాడుక. ఆ పేరు కొంత వింతయైనది. పూర్వము ఇంగ్లండులో రాజముద్రతో ఒసగు అనుమతిపత్రమునకు లెటర్స్ పేటెంటు అని పేరు. కొందరు మందులవారు దానిని సంపాదించి, తమకు రాజాదరణము కలదని చాటుకొనిరి. కాని పేటెంటు పొందవలెనన్నచో మందు చేయు విధానమును బయటపెట్టవలెను. బయటపెట్టినచో గుట్టు పోవును. అందుచే తరువాతి వర్తకులలో పెక్కురు పేటెంటు జోలికి పోక, మందు పేరును, చీటీమీది బొమ్మను మాత్రము రిజిస్టరు చేయించుకొనిరి. పేటెంటు మందులలో పెక్కింటికి పేటెంటు లేదు!

తలనూనెల చరిత్రలో సదర్లండు సోదరీమణుల కథ మిక్కిలి ప్రసిద్ధము. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, నయాగరా జిల్లాలో వారు ఏడుగురు అక్కచెల్లెండ్రు. బీద కుటుంబము. వారు సభలలో పాటలు పాడి జీవించుచుండిరి. అయితే జనులు వచ్చునది పాట వినుటకుకాక వారి కురులు చూచుటకు. ఏడుగురి జుట్టును కలిపి కొలిచినచో 37 అడుగులని చాటింపు. 1880 తరువాతి దశకములో వారు సర్కసు కంపెనీలతో ఊరూర తిరిగిరి. అదే కాలమున వారి తండ్రి జుట్టు పెంచు మందని ఒక ద్రవమును సీసాలకెత్తి అమ్మకమునకు పెట్టెను. దుకాణపు కిటికీలో ఒక సోదరి జుట్టు విరబోసికొని కూర్చున్నచో చాలును, సీసాలు అమ్ముడుపోయెడివి. ధనము వరదవలె వచ్చెను. స్వగ్రామమున గొప్ప భవనము లేచెను.

1896లో మందుల వ్యాపారమునకు సంబంధించిన ఒక పత్రిక ఆ ద్రవమును పరీక్షించిన వివరములు ప్రకటించెను. అందుండినవి ముఖ్యముగా రెండే: విచ్‌హేజెల్ అను పొదనుండి బట్టీపట్టిన నీరు, బేరమ్ అను సువాసనగల సారాయి. పిదప చిటికెడు ఉప్పు. వీనిలో ఏదియు వెండ్రుకను మొలిపించునది కాదు. అయినను అమ్మకము ఆగలేదు. దానిని ఆపినది రసాయనశాస్త్రము కాదు, వేషధారణ. 1920 తరువాత అమెరికా స్త్రీలు జుట్టును పొట్టిగా కత్తిరించుకొనసాగిరి. పొడవు జుట్టుపై మోజు పోయెను, వ్యాపారమును పోయెను. 1938లో ఆ భవనము అగ్నికి ఆహుతి అయ్యెను.

కొన్నవారందరును వెర్రివారా? కారు. వారు నమ్ముటకు తగిన కారణము వారి తలపైననే ఉండెను. మనుష్యుని తలపై సుమారు లక్ష వెండ్రుకలు కలవు. ఒక్కొక్కటి రెండు మొదలు ఆరేండ్లు పెరిగి, సుమారు మూడు మాసములు ఊరక నిలిచి, రాలిపోవును. పిదప ఆ కుదురునుండియే క్రొత్తది మొలచును. దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట సహజమే. టైఫాయిడు వంటి తీవ్రజ్వరము వచ్చినప్పుడు పెక్కు వెండ్రుకలు ఒక్కసారిగా పెరుగుట మానును. జ్వరము తగ్గిన రెండు మూడు మాసములకు అవి గుంపుగా రాలును. దువ్వెననిండ జుట్టు చూచి రోగి భయపడి తలనూనె తెప్పించుకొనును. మరికొన్ని మాసములకు జుట్టు తిరిగి వచ్చును. నూనె రాయకున్నను వచ్చెడిదే! కాని యశస్సు నూనెకు దక్కును. పడిసెము, సామాన్యమైన తలనొప్పి, ఒకపూట కడుపునొప్పి ఇట్టివే. కాలము చేసిన పని సీసా ఖాతాలో జమయగుచుండెను. గుణము కనబడినవారు వ్రాసిన జాబులను వర్తకుడు అచ్చు వేయించును. గుణము కనబడనివారి జాబులు అచ్చు మొగము చూడవు.

ఇంతవరకు పోయినది డబ్బు మాత్రమే. ప్రాణములు పోయిన కథయు కలదు. 1849 మొదలు అమెరికాలో మిసెస్ విన్‌స్లో పేరిట ఒక పానకము అమ్ముడుపోయెను. పండ్లు వచ్చునప్పుడు ఏడ్చు శిశువులకు అది శాంతినిచ్చునని ప్రకటన. శాంతినిచ్చిన మాట నిజమే; అందు నల్లమందునుండి తీసిన మార్ఫీను ఉండెను. చీటీపై ఆ మాట లేదు. తల్లి ఏమెరుగును? ఏడ్పు మానకున్నచో మరియొక చెంచా పోసెడిది. అట్లు నిదురించిన శిశువులలో కొందరు మరల లేవలేదు.

1905లో శామ్యూల్ హాప్కిన్సు ఆడమ్సు అను పత్రికారచయిత కోలియర్సు వారపత్రికలో ఈ మందుల గుట్టును వరుసగా బయటపెట్టెను. మరుసటి యేడు అమెరికాలో చట్టము వచ్చెను. ఆ చట్టము మార్ఫీనును నిషేధింపలేదు. మార్ఫీను, నల్లమందు, సారాయి వంటివి ఉన్నచో ఎంత ఉన్నదో చీటీపై వ్రాయవలెనని మాత్రము శాసించెను. స్వల్పమైన కట్టడివలె కనబడునుగాని, తల్లులకు అంతకుముందు లేనిది ఆ ఒక్క పంక్తియే. ఇంగ్లండులో 1909లో అచ్చటి వైద్యసంఘము రహస్యౌషధములను పరీక్షించి ఒక గ్రంథము వెలువరించెను. లోకప్రసిద్ధములైన బీచమ్ మాత్రలలో ముసాంబరము, శొంఠి, సబ్బు ఉన్నవని అందువలన తేలెను.

తెలుగువారికి ఈ విషయమున చెప్పుకొనదగిన కథ వేరుగా ఉన్నది. కృష్ణాజిల్లాలో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించెను. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి ప్రచారము చేసిరని ప్రసిద్ధి. ప్రకటనలు లేకయే అది దేశమెల్ల వ్యాపించెననుట సరికాదు. అయితే ఆ పసుపుపచ్చని లేపనము తీర్చునది నొప్పి, పడిసెము వంటి చిన్న బాధలనే. అందలి పిప్పరమెంటు పువ్వు చర్మములో చలిని తెలుపు నాడుల కొనలను తట్టును. మెదడు ఆ చల్లదనమును గమనించుచు నొప్పిని కొంత మరచును. చలిని కనుగొను ఆ ద్వారమును శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించిరి. నొప్పికి మూలమును అది తీయదు. కర్పూరము కలిసినది గనుక పసిపిల్లల ముక్కుల యొద్ద రాయరాదు, మ్రింగరాదు.

ఆ డబ్బీల ఆదాయముతో పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా నడపెను. 1924లో భారతి మాసపత్రికను ఆరంభించెను. తలనొప్పికి ఇచ్చిన అణాలు సాహిత్యమునకు చేరెను. చెన్నపట్టణముననే డాక్టరు కె. ఎన్. కేసరి స్త్రీల రుగ్మతలకై లోధ్ర అను మందు అమ్మి, ఆ ధనముతో గృహలక్ష్మి పత్రికను నడపి, రచయిత్రులకు స్వర్ణకంకణములు బహూకరించెను.

మన దేశమున 1930లో రామనాథ చోప్రా అధ్యక్షతను ఒక సంఘము మందుల స్థితిని విచారించెను. 1940లో మందుల చట్టము, 1945లో దాని నియమావళి వచ్చెను. ఏ వ్యాధులను కుదుర్తునని మందు చీటీ చెప్పుకొనరాదో ఆ నియమావళిలో ఒక పట్టిక కలదు. క్యాన్సరు, అంధత్వము వంటివానితోపాటు బట్టతలయు అందున్నది! 1954లో మహిమలు చాటు మందుల ప్రకటనలను అరికట్టుటకు వేరొక చట్టము చేయబడెను. అయినను క్రొత్త జుట్టు మొలిపింతుమను వాగ్దానములు పత్రికల పుటలనుండి చేతిలోని ఫోనుల తెరలమీదికి మారినవి.

మందు డబ్బీ దేనినైనను నేడు చేతిలోనికి తీసికొని చూచినచో ముందువైపున పేరు పెద్ద అక్షరములలో ఉండును. వెనుకకు త్రిప్పినచో అందలి వస్తువులును, వాని పాళ్లును కనబడును. ఆ అక్షరములు చీమతలలంత. చదువుటకు మంచి వెలుతురు కావలెను.