తోబుట్టువుల తగాదాలు – పిల్లల మనస్సుపై వాటి ప్రభావం

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కొట్లాడుకోని ఇల్లు ఉండదు. మామిడిపండు టెంక ఎవరికి, ఫ్యాను కింద ఎవరు పడుకోవాలి, కొత్త చొక్కా ముందు ఎవరికి కొన్నారు అన్నవి మన ఇళ్ళల్లో రోజూ జరిగే పంచాయితీలే. పిల్లలన్నాక కొట్టుకుంటారు, మళ్ళీ వాళ్ళే కలుస్తారని పెద్దలు తీసిపారేస్తారు. చాలావరకు అది నిజం కూడా. సమానంగా వాదులాడుకునే పిల్లలు ఎదుటివారి మనసు తెలుసుకోవడం, బేరం కుదుర్చుకోవడం ఇంట్లోనే నేర్చుకుంటారు.

కాని ఎప్పుడూ ఒకరే కొట్టి, ఎప్పుడూ ఒకరే ఏడుస్తుంటే అది తగాదా కాదు, హింస. అదే పని బడిలో తోటి విద్యార్థి చేస్తే హెడ్మాస్టరుకు ఫిర్యాదు వెళ్తుంది. ఇంట్లో అన్న చేస్తే "అన్నే కదా" అంటారు. ఈ తేడా ఎందుకో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అమెరికాలో కొరిన్నా టక్కర్, ఆమె సహచరులు 3,599 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. తోబుట్టువుల చేతిలో దెబ్బలు, అవమానాలు పడిన పిల్లల్లో మానసిక వేదన ఎక్కువగా కనిపించింది. బడిలో వేధింపులు పడినవారి వేదనకు అది తీసిపోలేదు. ఇంగ్లండులో లూసీ బౌస్, డీటర్ వోల్క్ తదితరులు దాదాపు 7 వేల మంది పిల్లల వివరాలు పరిశీలించి 2014లో ప్రచురించారు. 12 ఏళ్ళ వయసులో వారానికి చాలాసార్లు తోబుట్టువుల వేధింపుకు గురైనవారిలో 18 ఏళ్ళకు కుంగుబాటు, తమను తాము గాయపరచుకోవడం సుమారు రెట్టింపు కనిపించాయి. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పూర్తిగా పోలేదు.

ప్రవర్తన సంగతి జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లోనే వివరించాడు. తమ్ముడు గట్టిగా ఏడిస్తే అన్న బొమ్మ వదిలేస్తాడు. ఏడుపు పనిచేస్తుందని తమ్ముడు నేర్చుకుంటాడు. మరోనాడు అన్న చెయ్యెత్తితే తమ్ముడు వదిలేస్తాడు. దెబ్బ పనిచేస్తుందని అన్న నేర్చుకుంటాడు. ఇంట్లో నేర్చిన ఈ పాఠమే బడికీ, హాస్టల్ గదికీ వస్తుంది.

ఇక మన సంగతి. 2020 మార్చిలో హాస్టళ్ళు మూతపడి మనవాళ్ళంతా ఒంటిగది ఇళ్ళకు చేరారు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ఒక టీవీ, ఒక ఫోను, ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు! ఆ కొట్లాటల్లో పిల్లల తప్పు ఎంత? గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలింది. అలాంటి చోట పనిచేసే తల్లిదండ్రులు తెల్లవారకముందే ఇల్లు వదలాలి. అప్పుడు పదేళ్ళ అక్కే చిన్నవాళ్ళకు అమ్మ. అన్నం పెట్టాలి, బడికి పంపాలి, మాట వినకపోతే కొట్టాలి. సాయంత్రం చాడీలు విని ఆమెనే తిడతారు.

అన్నిటికన్నా లోతుగా గుచ్చుకునేది మరొకటి ఉంది. "నన్నెందుకు హాస్టల్లో వేశారు, తమ్ముణ్ణి ఎందుకు ఇంట్లో ఉంచుకున్నారు?" ఈ ప్రశ్న మనలో చాలామంది రాత్రిపూట దుప్పటిలో అడుక్కున్నదే. ఇంట్లో ఉన్న తమ్ముడికి మరో బాధ: అన్నకు పుస్తకాలు, దుప్పట్లు వస్తాయి, సెలవులకు వస్తే కూర కూడా ప్రత్యేకం. 2002లో మన ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మంది పిల్లలతో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం అబ్బాయిలను ప్రైవేటు బడికి, అమ్మాయిలను సర్కారు బడికి పంపే ధోరణిని చూపింది. పిల్లలు ఈ తేడాలన్నీ లెక్కపెట్టుకుంటారు. అయితే అమండా కోవల్, లారీ క్రేమర్ 1997లో ఒక ముఖ్య విషయం చెప్పారు. తేడా ఎందుకు చూపారో అర్థమై, అది న్యాయమే అనిపిస్తే పిల్లల మధ్య సంబంధం అంతగా చెడదు. అంటే మనలను హాస్టల్లో వేయడం కన్నా, ఎందుకు వేశారో చెప్పకపోవడమే ఎక్కువ బాధిస్తుంది. రాత్రికి అమ్మ ఇంట్లో ఉండదనో, ఊళ్ళో ఏడో తరగతి తర్వాత బడి లేదనో చెబితే ఎనిమిదేళ్ళవాడికీ అర్థమవుతుంది. మా అభిప్రాయంలో చేర్పించే రోజునే ఇది చెప్పాలి, తమ్ముడి ఎదుటే చెప్పాలి.

తగాదా తీర్చేటప్పుడు పెద్దలు తీర్పరులు కాకూడదని జూలీ స్మిత్, హిల్డీ రాస్ 2007లో చూపారు. తల్లులకు మధ్యవర్తిత్వం నేర్పితే, పిల్లలు తమంతట తామే దారి వెతుక్కోవడం పెరిగింది. పద్ధతి సులభం. ముందు ఇద్దరూ చల్లబడాలి. ఒకరు చెబుతుంటే రెండోవాడు అడ్డుపడకూడదు. విన్నదాన్ని తిరిగి చెప్పాలి. పరిష్కారం వాళ్ళే చెప్పాలి. గుహకు బండ ఎందుకు అడ్డుపెట్టాడో సుగ్రీవుడు చెప్పబోతే వాలి వినలేదు, వినిపించే మూడోమనిషీ అక్కడ లేడు. ఒకే హాస్టల్లో ఉన్న అన్నదమ్ముల మధ్య ఈ మూడోమనిషి పని సీనియర్లు చేయవచ్చు. వార్డెన్ సారు దాకా పోనక్కరలేదు.

కాని అన్నీ మనం తీర్చలేం. పండుగ సెలవులంటే భయపడేవాడు, ఇంటి మాటెత్తితే ముడుచుకునేవాడు, పక్క తడుపుతున్నవాడు, చేతులపై కోతలు దాచేవాడు కనిపిస్తే ఎగతాళి చేయకుండా వార్డెన్‌కు చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లల కోసం 1098 ఉంది. ఇక ఈసారి చూడటానికి వచ్చే తల్లిదండ్రులతో ఇంట్లో ఉన్న తమ్ముణ్ణి, చెల్లెల్ని కూడా తీసుకురమ్మని చెప్పండి. మన మంచం, పెట్టె, పప్పు వాళ్ళూ చూడాలి.