దూరపు పరుగుకు నిదానమే ప్రధానం



వార్షికోత్సవం ఆటల పోటీలు దగ్గరపడగానే ప్రతి ఏడూ మన గ్రౌండులో ఒకే దృశ్యం కనిపిస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి పదిమంది పరుగు మొదలుపెడతారు. మొదటి రౌండు బాణాల్లా దూసుకుపోతారు. మూడో రౌండుకు నడుం పట్టుకుని నిలబడిపోతారు. వారం తిరిగేసరికి ఇద్దరు మిగులుతారు. మిగతావాళ్లు "మన ఊపిరి చాలదు, మన తిండికి ఇంతే" అనుకుని మానేస్తారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేనూ అలా మానేసినవాడినే. కానిస్టేబుల్ పరీక్షకు మళ్లీ మొదలుపెట్టాకగానీ లోపం నా ఊపిరిలో లేదని, నా వేగంలో ఉందని తెలియలేదు. ఆ సంగతి మీకు ముందే చెప్పాలని ఈ వ్యాసం.

ఆయాసం ఎందుకు వస్తుంది?

జీవశాస్త్రంలో శ్వాసక్రియ పాఠం గుర్తు చేసుకోండి. ఆక్సిజన్ చాలినంత అందితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ లేని మార్గంలో వచ్చేవి 2 మాత్రమే. శక్తికి మించిన వేగంతో పరుగెత్తితే శరీరం ఈ రెండో మార్గం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. రొప్పు వస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి. నెమ్మదిగా వెళ్తే మొదటి మార్గంలోనే చాలాసేపు సాగవచ్చు. అలా కొన్ని వారాలు చేస్తే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో రక్తకేశనాళికలు, మైటోకాండ్రియాలు పెరుగుతాయి. అప్పుడు వేగం దానంతటదే వస్తుంది.

ఎక్కం పరీక్ష

సరైన వేగం తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కన ఒక స్నేహితుణ్ని పెట్టుకుని మాట్లాడుతూ పరుగెత్తండి. పూర్తి వాక్యాలు పలకగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకోవలసి వస్తే ఎక్కువైనట్టు. మేమైతే పదిహేడో ఎక్కం చదివేవాళ్లం. పదిహేడైదులు దగ్గరే గొంతు తెగితే వెంటనే తగ్గేవాళ్లం. ఎక్కమూ వచ్చింది, పరుగూ వచ్చింది.

రోమ్ ఒలింపిక్స్ చెప్పిన పాఠం

న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులందరిచేత ఆదివారాలు సుమారు 35 కిలోమీటర్ల కొండదారి పరుగు చేయించేవాడు. వారిలో పీటర్ స్నెల్ పోటీపడేది 800 మీటర్లలో. అంత చిన్న పందేనికి అంత దూరం ఎందుకని నవ్వినవారున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండూ గెలిచాడు. కనుక 1600 మీటర్ల పరీక్షకు వెళ్లేవారికి కూడా దూరపు పరుగే పునాది.

అదే రోమ్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను ఉత్తకాళ్లతో పరుగెత్తి గెలిచాడు. బూట్లు లేవని ఆగవద్దు. అలవాటు లేనివారు మాత్రం ఉత్తకాళ్లతో తారురోడ్డు మీద పరుగెత్తకండి. మెత్తటి మట్టి నేల చూసుకోండి.

పది వారాల పద్ధతి

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయాలి.

1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక. ఇలా 8 సార్లు.
3, 4 వారాలు: 3 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక. 5 సార్లు.
5, 6 వారాలు: 8 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక. 3 సార్లు.
7, 8 వారాలు: 15 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక. 2 సార్లు.
9, 10 వారాలు: ఆగకుండా 30 నిమిషాలు.

ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారాన్ని మళ్లీ చేయండి. నడవడం నామోషీ కాదు. పది వారాలయ్యాక ఆదివారం పరుగుకు వారానికి 5 నిమిషాల చొప్పున కలుపుతూ గంట దాకా పెంచండి. నాలుగు వారాలకోసారి కాస్త తగ్గించండి. వేగం పెంచే సాధన ఆ తర్వాతే.

జాగ్రత్తలు

ఊపిరి వారాల్లో కుదురుకుంటుంది. ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే పిక్క ముందు ఎముక నొప్పి పెడితే పరుగు ఆపి విశ్రాంతి ఇవ్వండి. మరునాటి కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణమని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఆ ఆమ్లం గంట, రెండు గంటల్లోనే పోతుంది. అలవాటు లేని శ్రమకు కండరపు పోగులు స్వల్పంగా దెబ్బతినడం వల్ల ఆ నొప్పి వస్తుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

వేసవిలో ఎండ రాకముందే ముగించండి. బాగా చెమట పట్టిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉంటే వెంటనే ఆపి వార్డెన్ గారికి చెప్పండి. ఎప్పుడూ నీరసంగా ఉండే చెల్లెళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువైతే ఎంత సాధన చేసినా ఆయాసం పోదు.

చివరగా ఒక మాట. ఆయాసంతో పరుగెత్తినన్నాళ్లూ నాకు నా కాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. నెమ్మదించాక చెరువు కట్ట మీద కొంగలు, పొయ్యి రాజేస్తున్న టీకొట్టు, పొలానికి నీళ్లు కట్టే రైతు కనిపించారు. గంట ఎలా గడిచిందో తెలియలేదు. ఇంకో రౌండు వెళ్లగలనన్నప్పుడే ఆపండి. మర్నాడు ఎవరూ లేపకుండానే మెలకువ వస్తుంది.

మీ అన్న,
పూర్వ విద్యార్థి